ఆవిడ నీళ్ళకొచ్చిన సాయంత్రం

మా మామగారికి ఇంకొకావిడ ఉందని నాకు మొదట చెప్పింది మా అత్తగారే. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, కూరగాయలు తరుగుతూ, పాలు పొంగాయన్నంత మామూలుగా చెప్పారు. "సాయంత్రాలు ఆయన ఇంట్లో ఉండరమ్మా. ఆవిడ కోసం వెళ్ళి పొదల్లో కూర్చుంటారు. ఆవిడేమో రాదు." నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆవిడెవరో తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆవిడ ఒక దుమ్ములగొండి.

పులి కోసం పడిగాపులు పడ్డవాళ్ళున్నారు. చిరుత కోసం సంసారం గాలికొదిలేసినవాళ్ళున్నారు. దుమ్ములగొండి కోసం జుట్టు నెరిసిపోయిన మనిషి నాకు తెలిసి మా మామగారొక్కరే. దాని ముందుకాళ్ళు పొడుగు, వెనక్కాళ్ళు పొట్టి, వీపు జారుడుబల్ల, ఒళ్ళంతా చారలు. మొహం చూస్తే, ఎవరో మంచి నిద్రలో లేపి తిట్టినట్టుంటుంది. "అందంగా ఉన్నవాటిని ఎవడైనా ఫొటో తీస్తాడు" అనేవారు మామగారు. నేను పల్లెత్తు మాట అనేదాన్ని కాదు. అందం సంగతి పక్కనపెట్టి మనుషుల్ని ఉన్నది ఉన్నట్టు తీయడమే నా వృత్తి.

నాకు బజారులో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టులు, వీసాలు, ఉద్యోగాల దరఖాస్తులు, బస్సు పాసులు. పెళ్ళిళ్ళకి వెళ్ళను, పెళ్ళివాళ్ళు నా మాట వినరు. నా స్టూలు మీద కూర్చున్నవాళ్ళు మాత్రం, వాళ్ళెంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా, నోరు మూసుకుని నేను చెప్పిన వైపు చూడాల్సిందే. మామగారు గడియారాలు బాగుచేసేవారు. ఊళ్ళో అందరి చేతి గడియారాలూ ఆయన వేళ్ళ మధ్య ఊపిరి తీసుకున్నవే. ఈమధ్య ఆ షాపు మూసేశారు. "ఫోనులో టైము చూసుకుంటున్నారు, ఇంకెవరు పెట్టుకుంటున్నారు గడియారాలు" అని అందరికీ చెప్పారు. అందరూ నమ్మారు.

నేను నమ్మలేదు. ఆయనకి చెయ్యి వణుకుతోంది. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు.

ఆయన అడవిలో తీసిన ఫొటోల కార్డు నాకిస్తే, స్టూడియో కంప్యూటర్లోకి ఎక్కించి చూపించడం నా పని. గత వేసవి నుంచీ ఆ కార్డుల్లో జింకలకి నాలుగేసి చెవులు, నక్కలకి రెండేసి తోకలు. "లెన్సు పాడైంది" అన్నారు మామగారు. రిపేరుకి పంపాం. బాగానే ఉందని తిరిగొచ్చింది. మళ్ళీ పంపాం. "ఈ లెన్సు నాకంటే ఆరోగ్యంగా ఉందమ్మా" అని ఆ మెకానిక్ నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మామగారు అతన్ని పనికిమాలినవాడన్నారు. ఆ తరవాతే నేను గమనించాను. టీ కప్పుతో పాటు సాసరు వద్దంటున్నారు. సగం గ్లాసు చాలంటున్నారు. ఎవరైనా ఎదురుపడితే చేతులు వెనక్కి కట్టుకుంటున్నారు. మా ఆయనకి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

అలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ, అడవి గేటు దగ్గరి ఆఫీసరు నిప్పు రాజేశాడు. ఆ గేటు పక్కన, టికెట్ల కోసం నిలబడేవాళ్ళకి ఒక హాలుంది. లోపలి నీటిగుంటకి వచ్చే జంతువులన్నిటి ఫొటోలూ ఆ హాలు గోడ మీద వరుసగా ఉంటాయి. జింక, అడవిపంది, నక్క, ముంగిస, ముళ్ళపంది, చిరుత. అన్నీ మామగారు తీసినవే. చివర్లో ఒక్క ఫ్రేము ఖాళీ. కింద 'దుమ్ములగొండి' అని పేరుంది, అద్దం వెనక 'ఫొటో త్వరలో' అని ఒక అట్టముక్క ఉంది. ఎండకి వెలిసి వెలిసి ఆ 'త్వరలో' కూడా కనిపించడం మానేసింది. ఈ వానల్లోగా మామగారు ఫొటో తెస్తే సరే, లేకపోతే బయట ఎవరిదో కొని పెట్టేస్తామన్నాడు ఆఫీసరు. వానలు పడితే అడవంతా నీళ్ళే, ఏ జంతువూ పనిగట్టుకుని ఆ గుంటకి రాదు.

"ఎవడిదో పెడతాట్ట" అన్నారు మామగారు భోజనాల దగ్గర. "నా గోడ మీద."

"పోనీ పెట్టనీ నాన్నా, ఒక్కటే కదా" అన్నారు మా ఆయన, పెరుగు కలుపుకుంటూ.

మామగారు కంచం ముందునుంచి లేచిపోయారు. వచ్చే వేసవికి ఆ చెయ్యి కెమెరా పట్టుకోగలదో లేదో ఆయనకే తెలియదని నాకర్థమైంది. 

"మామయ్యగారూ, రేపటినుంచి నేనూ వస్తాను. సామాను మోయడానికి" అన్నాను వెనకే వెళ్ళి.

"నువ్వా? నోరు మూసుకుని కూర్చోగలవా?"

"ప్రయత్నిస్తాను."

"అక్కడ ప్రయత్నాలు కుదరవమ్మాయ్. మూసుకోవడమే."

"సరే, మూసుకుంటాను. ఊరికే కూర్చోలేను కాబట్టి నా కెమెరా తెచ్చుకుంటాను. జింకలో పిట్టలో తీసుకుంటా. మీ పాత లెన్సొకటి ఇవ్వండి."

ఆయన అనుమానంగా చూశారు. నేను అమాయకంగా చూశాను. ఆ చూపు నాకు బాగా వచ్చు.

నా ఉపాయం చాలా సులువైనది. ఆవిడొస్తే ఆయనా తీస్తారు, నేనూ తీస్తాను. ఆయనది కదిలిపోతే, నాది తీసుకెళ్ళి ఆయన ఫొటోల్లో కలిపేస్తాను. ఆయన గోడ నిండుతుంది. పెద్దాయన చెవిలో ఇంత చిన్న పువ్వు పెడితే పాపమేమీ రాదనుకున్నాను. అంతకుముందు ఒకసారి, కెమెరాకి వైరు తగిలించి బటన్ దూరం నుంచి నొక్కొచ్చు కదా, అప్పుడు కెమెరా కదలదు కదా అని నోరు జారి, "అది లిఫ్టుని పిలవడం, ఫొటో తీయడం కాదు" అనిపించుకున్నాను. అందుకే ఈసారి అడగదల్చుకోలేదు.

నీటిగుంట ఒడ్డున, సగం నేలలోకి దించి కట్టిన గుడిసె మా మకాం. మట్టిగోడలు, పైన గడ్డి, నీళ్ళ వైపు మాత్రం బారెడు పొడుగున సన్నటి కంత. కంతకి ఆకుల రంగు గుడ్డ వేలాడేసి ఉంటుంది, అందులోంచి లెన్సు మూతి ఒక్కటే బయటికి పెట్టాలి. లెన్సు కింద, కదలకుండా, గింజలు నింపిన సంచి. మధ్యాహ్నం అడవి గార్డు మమ్మల్ని జీపులో తెచ్చి దింపుతాడు. మసకచీకటి పడ్డాక మళ్ళీ అతనొచ్చి తీసుకెళ్ళేదాకా, కొంపలంటుకున్నా బయటికి రాకూడదు.

లోపలికి వెళ్ళేముందు మామగారు నన్ను తనిఖీ చేశారు. గాజులు తీయించారు. పౌడరు వాసన వస్తోందని మొహం కడిగించారు. బిస్కెట్ల ప్యాకెట్ చింపితే చప్పుడవుతుందని బిస్కెట్లన్నీ గుడ్డసంచిలోకి ఒంపించారు. చివరికి నా చెప్పులు కిర్రుమంటున్నాయని అవి కూడా జీపులోనే వదిలేయించారు.

"ఇంకేమైనా ఉన్నాయా సార్?" అన్నాడు గార్డు నవ్వాపుకుంటూ.

"నాలుక" అన్నారు మామగారు.

మొదటి సాయంత్రం అడవిపందుల కుటుంబం వచ్చింది. మొగుడు, పెళ్ళాం, లెక్కకి అందనంతమంది పిల్లలు. పెళ్ళాం బురదలో దిగి పిల్లల్ని ఒక్కొక్కరినీ మూతితో తోసి స్నానం చేయిస్తుంటే, మొగుడు గట్టు మీద నిలబడి దిక్కులు చూస్తున్నాడు. అచ్చం మా ఇల్లే. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామగారు ఉరిమి చూశారు. కాసేపటికి ఆయన భుజాలు కూడా కదలడం చూశాను. నేనేమనుకుంటున్నానో ఆయనకి తెలిసిపోయింది.

మర్నాడు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నా ఏమీ రాలేదు, ఒక తీతువు పిట్ట వచ్చి మమ్మల్ని తిట్టి పోయింది. ఆ తరవాత జింకలొచ్చాయి. ఇంకో రోజు నక్క వచ్చి, నీళ్ళలో తన మొహం చూసుకుని, నచ్చలేదో ఏమో వెళ్ళిపోయింది. మేం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంటున్నాం, ఆవిడ జాడ లేదు. రోజురోజుకీ మబ్బు దిగుతోంది. మబ్బు చూసి ఊళ్ళో అందరూ సంతోషిస్తుంటే, మేమిద్దరం మాత్రం ఆకాశం వైపు అప్పులవాడిని చూసినట్టు చూస్తున్నాం.

ఒకరోజు మధ్యాహ్నం నుంచే ఉక్కపోత. దూరంగా ఉరుము. గార్డు మమ్మల్ని దింపుతూ "ఇదే ఆఖరేమో సార్" అన్నాడు.  లోపల ఆయన కంత దగ్గర, నేను ఆయన పక్కన, భుజానికి భుజం ఆనేంత ఇరుకులో కూర్చున్నాం. వెలుతురు పలచబడుతోంది. వెలుతురు తగ్గేకొద్దీ కెమెరా షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, చెయ్యి ఏమాత్రం కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలుసని ఒకరం చెప్పుకోలేదు, అంతే.

అప్పుడొచ్చింది ఆవిడ.

ఎలా వచ్చిందో చూడలేదు. అక్కడ ఏమీ లేదు, మళ్ళీ చూస్తే ఉంది. ఎడం వైపు బండ పక్కన, ఒక కాలు ఎత్తి పట్టుకుని, వీపు మీది జూలు నిక్కబొడుచుకుని, చుట్టాలింటికి పిలవకుండా వచ్చినదానిలా మొహమాటంగా నిలబడి ఉంది. తరవాత అడుగు తీసి అడుగు వేసుకుంటూ నీళ్ళ దగ్గరికొచ్చింది. తాగింది. నాలుక నీళ్ళని తాకే చప్పుడు కూడా వినబడింది.

ఆ చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు వినబడింది. సన్నగా, పక్కనుంచి. లెన్సు కింద సంచిలో గింజలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆయన చెయ్యి వాటిని కదుపుతోంది. ఆయన ఊపిరి బిగబట్టారు, మోచేతిని మోకాలికి ఆనించారు, రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నారు. గింజలు ఆగలేదు. ఆ చప్పుడు నేను వినలేకపోయాను. ఎవరిదో ఏడుపు గోడవతల నుంచి విన్నట్టుంది. నేనాయన వైపు చూడలేదు. నా కెమెరాలో కన్ను పెట్టాను.

ఆవిడ తలెత్తి, సూటిగా మా కంత వైపు చూసింది. నా వేలు దానంతటదే నొక్కింది. ఇంకోసారి, మరోసారి. పక్కన ఆయన కెమెరా కూడా క్లిక్కుమంటోంది. ఆవిడ వెనక్కి తిరిగి, ఆ జారుడు వీపు వేసుకుని, బండ పక్కనుంచి వెళ్ళిపోయింది.

దారి పొడుగునా జీపులో మామగారు మాట్లాడుతూనే ఉన్నారు. ఇన్నేళ్ళలో నేను విన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. "జూలు చూశావా అమ్మాయ్! కాలెత్తి పట్టుకుంది చూశావా! మీ అత్తయ్య బతికుంటే ఈ రోజు నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు." ఇంటి దగ్గర దిగుతూ కార్డు తీసి నా చేతిలో పెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా తీసుకున్నాను.

పొద్దున్నే స్టూడియో తెరిచి, ఆయన కార్డు చూశాను. ఒక్కటీ నిలవలేదు. చారలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నాయి. ఇక నాది చూశాను. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. నాదాన్ని ఆయన ఫొటోల మధ్యలో పెట్టి, పేరు కూడా ఆయనవాటిలాగే మార్చి, తెరనిండా పెద్దది చేసి, ఎదురు చూస్తూ కూర్చున్నాను.

మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కళ్ళజోడు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నారు. తెర వైపు చూశారు. మొహం వెలిగింది. ఆ వెలుగు కాసేపే ఉంది. ముందుకి వంగారు, వెనక్కి జరిగారు, తలొకవైపు పెట్టి చూశారు.

"ఏ దేశం వెళ్తోంది?" అన్నారు.

"ఎవరు మామయ్యగారూ?"

"ఆవిడే. వీసా ఎక్కడికి?"

 ఆయన లేచి తెర దగ్గరికెళ్ళారు. "ఎదురు మొహం. రెండు చెవులూ సమానంగా కనబడుతున్నాయి. గడ్డం దించి ఉంది. తల పైన కొలిచినట్టు ఖాళీ. సరిగ్గా మధ్యలో నిలబెట్టావు. నీళ్ళేవి? బండేది? ఆకాశమేది? వెనక తెల్లగోడ ఒక్కటే తక్కువ. నా జన్మలో నేను ఏ జంతువునీ మధ్యలో పెట్టలేదమ్మాయ్."

అప్పుడు చూశాను నేను కూడా. నిజమే. ఇన్నేళ్ళ అలవాటు. అడవిలో, గుడ్డ వెనక కూడా, నా కన్ను తన పని తను చేసేసింది. దుమ్ములగొండిగారు ఏ ఆఫీసులో ఇచ్చినా తిప్పి పంపలేని ఫొటో దిగారు. ఇంకెప్పుడైనా అయితే కిందపడి నవ్వేదాన్ని.

"నావి చూపించు" అన్నారు.

"మామయ్యగారూ..."

"చూపించు."

చూపించాను. ఆయన ఒక్కొక్కటీ చూశారు. దేన్నీ దాటవేయమనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నారు. చివరిదాకా వచ్చాక, "అయితే లెన్సు బాగానే ఉందన్నమాట" అన్నారు.

నాకు ఏడుపాగలేదు. "మీ గోడ మీద ఎవరిదో పెడితే నేను చూడలేను. అందుకే చేశాను. తప్పయితే తిట్టండి" అన్నాను.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"పోయిన వేసవి నుంచి."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు."

ఆయనకి కోపమొచ్చింది. నేను జాలి పడ్డానని కాదు. "నేను తీయనిదానికి నా పేరు పెడతావా? అంతకంటే ఆ ఖాళీ అట్టే నయం. అదైనా అబద్ధం చెప్పలేదు" అని, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరగకముందే వాన మొదలైంది. ఈ ఏటికి నీటిగుంట సంగతి అయిపోయింది. గొడుగు పట్టుకుని వెనకే పరిగెత్తాలనిపించింది గానీ, ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

ఆ రోజూ మర్నాడూ ఇంట్లో మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. మా ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "అడవిలో ఏమైంది?" అనడిగారు. "దోమలు" అన్నాను.

వాన తెరిపిచ్చిన రోజు మామగారు మళ్ళీ స్టూడియోకొచ్చారు. స్టూలు మీద ఒకతను బస్సు పాసు ఫొటోకి కూర్చుని ఉంటే, అతని పని అయ్యేదాకా గోడకానుకుని నిలబడ్డారు. నేను అతని భుజాలు సర్దడం, వెలుతురు తిప్పడం, వెనక్కి నడిచి మళ్ళీ చూడడం, అంతా చూశారు. ఇన్నేళ్ళలో నేను పని చేస్తుంటే ఆయన నిలబడి చూడడం అదే మొదలు.

"ప్రింటు తియ్యి" అన్నారు, ఆ మనిషి వెళ్ళాక.

"ఏది?"

"కళ్ళు కనబడేది."

తరవాతి ఆదివారం మా ఆయన్నీ నన్నూ వెంటబెట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ అప్పటికే ఫ్రేములోకి ఎక్కి కూర్చుంది. మిగతా జంతువులన్నీ ఎవరి పనిలో అవి ఉంటే, ఆవిడొక్కతే అటు టికెట్ల వరుస వైపు నిటారుగా చూస్తోంది, నా నంబరెప్పుడొస్తుందన్నట్టు. జనం ముందు నవ్వుతున్నారు, తరవాత ఆగి చూస్తున్నారు. చిరుత ముందు ఒక్కరూ లేరు.

గార్డు మమ్మల్ని చూసి గొంతు పెంచాడు. "రండి, రండి! ఈ గోడ మీది ఫొటోలన్నీ తీసింది మా సారే. అన్నీ ఈ సార్ చేతి చలవే."

ఓ పెద్దావిడ మామగారి దగ్గరికొచ్చింది. "దీన్ని ఇంత కదలకుండా ఎలా నిలబెట్టారండీ?"

నేను పక్కకి తిరిగి కిటికీలోంచి చెట్లని చూస్తున్నాను. మా ఆయన గర్వంగా నాన్న భుజం మీద చెయ్యి వేశారు. మామగారు ఆ చేతిని మెల్లగా తీసేసి, ముందుకెళ్ళి, ఫ్రేము పక్కన నిలబడ్డారు.

"ఇది నేను తీయలేదమ్మా. నేనూ తీశాను గానీ, నాది రాలేదు. నాకు చేతులు వణుకుతున్నాయి. ఇది మా కోడలు తీసింది."

హాల్లో అందరూ ఆయన వైపు చూశారు. మా ఆయన నోరు తెరుచుకుని నా వైపు చూశారు. మామగారు వెనక్కి కట్టుకున్న చెయ్యి తీసి, అందరి ముందూ పైకెత్తారు. "చూడండి, ఈ చెవి ఎంత స్పష్టంగా ఉందో. ఇక్కడ, ఈ కన్ను చూడండి" అంటూ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తున్నారు. ఆ వేలు అద్దం మీద టకటకమని కొట్టుకుంటోంది. ఆయన దాన్ని దించలేదు. చూపించాల్సినవి ఇంకా చాలా ఉన్నాయన్నారు.